మంకీ ఐలండ్ మొదటిసారి ఆడుతున్నా.. ఇందులో నవ్వెక్కడుందో ఎవరైనా చెప్పండి

గోదారి_గట్టు
సేల్‌లో చవగ్గా వచ్చిందని ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్ స్పెషల్ ఎడిషన్ కొన్నాను. మాటలు, పజిల్స్‌తో నడిచే ఈ అడ్వెంచర్ గేమ్‌లు నాకు పూర్తిగా కొత్త. ఇప్పటిదాకా క్రికెట్, కాల్పులు, కార్లు.. ఇవే. "నవ్వలేక చస్తావు" అని ఒకరిద్దరు తెగ ఊదరగొట్టారు.

తీరా చూస్తే, గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడు పైరేట్ అవుతానని మెలీ ఐలండ్‌లో దిగుతాడు. బార్‌లో కూర్చున్న ముగ్గురు పెద్ద పైరేట్లు మూడు పరీక్షలు పెడతారు: కత్తియుద్ధం, దొంగతనం, నిధి వేట. అంతవరకూ బాగుంది. ఆ తర్వాత ఎటు పోవాలో చెప్పే నాథుడు లేడు. బాణం గుర్తు లేదు, మిషన్ లిస్టు లేదు. వంతెన దగ్గర ట్రోల్ దారి వదలడు. వంటగదిలోకి పోదామంటే వంటవాడు తరుముతాడు. కనపడిన ప్రతిదాని మీదా క్లిక్ చేస్తూ రాత్రంతా గడిచింది. నిజంగా ఇందులో సరుకుందా, లేక పాతది కాబట్టి అందరూ భుజాన వేసుకుని మోస్తున్నారా?

ఓరుగల్లు_పోరడు
ఏం తొందర తమ్మీ. బార్ల కూసున్నోళ్లందరితోని మాట్లాడినవా లేదా ముందు జెప్పు.

గోదారి_గట్టు
ఒకరిద్దరితో. అంత డైలాగ్ ఎవరు చదువుతారన్నా, స్కిప్ కొట్టేశా.

ఓరుగల్లు_పోరడు
గదే నీ రోగం. గీ గేమ్ల కథంత ముచ్చట్లల్లనే ఉంటది. స్కిప్ కొట్టినంక ఇంకేం మిగుల్తది?

పాతసీడీ_పెట్టె
పైవాళ్లు చెప్పింది సగమే. ఇది 1990 గేమ్. ఆడేవాడు రోజుల తరబడి దాంతోనే కాపురం చేస్తాడని లెక్కేసుకుని తీసింది. రాన్ గిల్బర్ట్ నడిపాడు, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ అతనితో కలిసి రాశారు. ముగ్గురూ అప్పటికి కుర్రాళ్లే. అందుకే మాటల్లో ఆ అల్లరి.

నువ్వు గమనించావో లేదో, ఇందులో నువ్వు చావవు. అప్పట్లో సియెర్రా వాళ్ల గేమ్‌లు వేరే తరహా. కింగ్స్ క్వెస్ట్‌లో ఓ మెట్టు పక్కకేస్తే చావు, మొదట్లో ఓ వస్తువు తీసుకోవడం మరిస్తే చివర్లో దారి బంద్, మళ్లీ మొదటికి. అది ఒళ్లు మండి గిల్బర్ట్ 1989లో అడ్వెంచర్ గేమ్‌లు ఎందుకు చెత్తగా ఉంటాయో ఓ వ్యాసమే రాశాడు. ఆటగాడిని ఊరికే చంపొద్దు, తెలియకుండా దారి మూసెయ్యొద్దు అన్నది అందులో గట్టి మాట. ఆ మరుసటేడు తీసిందే ఇది. కాబట్టి ధైర్యంగా ఏదైనా గెలుకు. పాడయ్యేదేం లేదు.

సీమచింతకాయ
చావవు అనకండి. నీళ్లలో చావొచ్చు :)

పాతసీడీ_పెట్టె
అది చెప్పేస్తే మజా ఏముందక్కా!

సీమచింతకాయ
ఫర్వాలేదు, అదేం పజిల్ కాదు కదా. గైబ్రష్ తనకున్న ఏకైక విద్యగా పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని ఊరంతా చెప్పుకుంటాడు. కథలో ఒకచోట నీళ్లడుగున పడతాడు. అక్కడ నువ్వు ఏమీ చెయ్యకుండా పది నిమిషాలు వదిలేస్తే నిజంగానే పోతాడు. ఇంకెక్కడా చావడు. ఆ జోక్ కోసం గేమ్ ఆన్ చేసి టీ పెట్టుకోడానికి వెళ్లినదాన్ని నేను.

కడప_కారం
ఎవరేమన్నా అనుకోండప్పా, నాకైతే ఈ గేమ్ పజిల్స్ పెద్ద దగా. రబ్బరు కోడి, దాని నడుమ కప్పీ. దాన్ని తీగకు తగిలించి జారుకుంటా ఇంకో దీవికి పోవాలంట. యాడన్నా ఉందా ఈ లాజిక్? నవ్వు సంగతి సరే, ఆ కోడితో ఏం చెయ్యాలో తెలీక నేను యాడాది పక్కన పెట్టేస్తి.

డాలస్_డాబా
కడప అన్నా, కప్పీకి తీగ కాక ఇంకేం కావాలి? దాని చుట్టూ కోడి ఎందుకుందన్నదే జోక్. వస్తువు చూస్తే పనికిమాలింది, పని చూస్తే కచ్చితంగా సరిపోతుంది. అసలు లాజిక్ లేని పజిల్ చూడాలంటే 1999లో వచ్చిన గేబ్రియల్ నైట్ 3 ఆడండి. పిల్లి వెంట్రుకలతో దొంగ మీసం తయారు చేసి, మీసం లేని మనిషిలా వేషం కట్టాలి.

కడప_కారం
మీసం లేనోడికి మీసం ఎందుకప్పా??

డాలస్_డాబా
పాస్‌పోర్ట్ ఫోటోకి కూడా మీసం గీస్తాడు, అప్పుడు రెండూ సరిపోతాయని. మీరు అడిగిన ప్రశ్నే పాతికేళ్లుగా అందరూ అడుగుతున్నారు.

కాకినాడ_కాజా
అసలు ప్రశ్నకి వద్దామండి. గోదారి గారూ, పూర్తి జవాబు చెప్పను, ఓ చిన్న తోపు తోస్తాను. బార్‌లో కుడివైపు చివర వంటగది తలుపు దగ్గర నిలబడి ఊరికే చూస్తూ ఉండండి. వంటవాడు అప్పుడప్పుడు బయటికొచ్చి టేబుళ్ల వైపు వెళ్తాడు. మీరు క్లిక్ చేసినప్పుడు కాదు, అతను కదిలినప్పుడు దూరాలి. లోపల కుండ, మాంసం ముక్క ఉంటాయి, రెండూ తీసేసుకోండి. వెనక తలుపు తీస్తే చెక్కల రేవు, అక్కడో చేప, చేప మీదో సముద్రపు పక్షి. చేప మీద చెయ్యేస్తే పక్షి ఊరుకోదు. అప్పుడు చేప వైపు కాకుండా మీ కాళ్ల కింద చూడండి. ఇంతకన్నా చెప్పనండి, ఆయ్.

గోదారి_గట్టు
ఆగండాగండి, వంటవాడు కదులుతాడా! నేను తలుపు మీద క్లిక్ చేసి తిట్లు తిని వచ్చేశా, ఇంకటు పోలేదు. సాయంత్రం చూస్తా.

నిద్రమత్తు
వాక్‌త్రూ, అదే అన్ని జవాబులూ వరుసగా రాసిన గైడ్, తెరిచి పెట్టుకుని ఆడెయ్ బ్రో. ఉద్యోగం చేసుకునేవాళ్లం, ఒక్క పక్షి దగ్గర వారం కూర్చుంటామా?

పాతసీడీ_పెట్టె
వాక్‌త్రూ చూసి ఆడితే రెండు మూడు గంటల్లో అయిపోతుంది. అయ్యాక "ఏముందిందులో" అంటావు. పొడుపుకథకి విప్పు ముందే వినేసి నవ్వు రాలేదంటే ఎలా?

నిద్రమత్తు
నాకు కథ, డైలాగులు చాలు. చేపతో నాకు పని లేదు. గ్రిమ్ ఫాండాంగో మొత్తం అలాగే ఆడాను, హాయిగా ఉంది. ఎవడి సరదా వాడిది.

సీమచింతకాయ
మధ్యే మార్గం ఉంది కదా. స్పెషల్ ఎడిషన్‌లోనే హెచ్ నొక్కితే హింట్ ఇస్తుంది. మొదట మాటవరసకి చెప్తుంది, మళ్లీ అడిగితే ఇంకాస్త, చివరికి బాణం గుర్తేసి చూపిస్తుంది. 2022లో వచ్చిన రిటర్న్ టు మంకీ ఐలండ్‌లో అయితే గైబ్రష్ జేబులోనే హింట్ పుస్తకం ఉంటుంది. అది తీసినవాడూ గిల్బర్టే. సాయం అడగడం తప్పని ఆయనే అనుకోవట్లేదు, మనకెందుకు పట్టింపు?

ఓరుగల్లు_పోరడు
అక్క జెప్పింది కరెక్టే గని హెచ్ మీద వేలు పెట్టుకొని ఆడకు తమ్మీ. ఒక్కపారి అలవాటైతే ప్రతి గడపకాడ అదే నొక్కుతవ్. ఒకటే చోట ఇరుక్కుంటె లేచి ఇంకో పరీక్షకు పో. మూడు పరీక్షలు నీకు నచ్చిన వరుసల చేస్కోవచ్చు. గందుకే గట్ల పెట్టిండ్రు. ఒకటి ఆగినా రెండు నడుస్తయ్.

డాలస్_డాబా
పైన మాట బంగారం. అసలు ఈ గేమ్ గొప్పతనం ఆ అమరికలోనే ఉంది.

ఇంకో సలహా: ఎఫ్10 నొక్కు. కొత్త బొమ్మలు పోయి పాత 256 రంగుల బొమ్మలు వస్తాయి. మళ్లీ నొక్కితే కొత్తవి. నాకు పాతవే ఇష్టం. 2009 వెర్షన్‌లో గైబ్రష్ జుట్టు చూస్తే ఆ మంగలి మీద కేసు పెట్టాలనిపిస్తుంది. పైగా కొత్త మోడ్‌లో ఓపెన్, పుష్, పుల్, గివ్ అనే మాటలన్నీ దాచేశారు, పాతదాంట్లో తెర కింద వరుసగా కనిపిస్తాయి. ఏమేం చెయ్యొచ్చో కళ్లముందుంటే కొత్తవాళ్లకి అదే సుఖం.

కాకినాడ_కాజా
కానీ పాత మోడ్‌లో గొంతులు రావండి. డొమినిక్ అర్మాటో గొంతు లేకుండా గైబ్రష్ ఏంటండి?

డాలస్_డాబా
రెండో భాగం స్పెషల్ ఎడిషన్‌లో పాత బొమ్మలకీ గొంతులు పెట్టుకోవచ్చు. మొదటిదానికి ఆ వీలు లేదు. స్పెషల్ ఎడిషన్ కొన్నవాళ్ల కోసం అభిమానులే రెండూ కలిపి అల్టిమేట్ టాకీ అని ఒకటి కట్టారు, పాత అడ్వెంచర్ గేమ్‌లు నడిపే స్కమ్‌వీఎం అనే ప్రోగ్రామ్‌లో నడుస్తుంది. మొదటిసారి ఆడేవాడికి అంత గొడవ అక్కర్లేదు లెండి.

తెలుగుమీడియం
నాదో సందేహం. గొంతులు వేగంగా పోతుంటే సగం జోకులు నాకు అందవు. ఇంగ్లీషు చదవడం వచ్చు, విని పట్టుకోవడం కష్టం. మనలాంటివాళ్లకి ఈ గేమ్ పనికొస్తుందా?

సీమచింతకాయ
నీలాంటివాళ్లకి పాత మోడే మేలు తమ్ముడూ. అక్షరాలే, గొంతు ఉండదు. మైనస్ గుర్తు నొక్కితే అక్షరాలు నెమ్మదిగా పోతాయి, ప్లస్ నొక్కితే వేగంగా. నిదానంగా చదువుకో. నువ్వు ఏం మాట్లాడాలో నాలుగైదు వాక్యాలు వరుసగా చూపిస్తుంది కదా, ఎంచుకునే ముందు ఆ నాలుగూ చదువు. చాలాసార్లు అసలు జోక్ నువ్వు ఎంచుకోని వాక్యంలో ఉంటుంది.

కడప_కారం
కొన్ని మాత్రం ఇంగ్లీషు నుడికారం తెలిస్తే తప్ప వదలవు. ట్రోల్ అడిగేది ఏందని నేను ఎంత కొట్టుకున్నానో. చేప పేరు రెడ్ హెర్రింగ్, తప్పుదారి పట్టించేదని దానికి ఇంకో అర్థం. అది చూసి ఇంగ్లీషోడైతే ఫక్కున నవ్వుతాడు, మనం నోరు తెరుచుకుని చూస్తాం. రెండో భాగంలో కోతిని తీసుకుపోయి స్పానర్ మాదిరి వాడే పజిల్ ఉంది. దానికి అమెరికా వాళ్లు వాడే పేరు మంకీ రెంచ్, ఆ పేరు తెలియక ఇంగ్లండ్ వాళ్లే తలలు పట్టుకున్నారంట. మనమెంత.

తెలుగుమీడియం
హమ్మయ్య, ఇంగ్లండ్ వాళ్లే పట్టుకున్నారంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది.

గోదారి_గట్టు
వంటగదిలోకి దూరాను!! కాకినాడ గారూ, ఆ పలక! దాని మీద అడుగేస్తే అవతలి చివర లేచి పక్షి ఎగిరింది. చేప తీసి ట్రోల్‌కి ఇచ్చా, ఎందుకు తీసుకున్నాడో కడప అన్న పోస్ట్ చదివాకే తెలిసింది. వంతెన దాటాను.

అడవిలో ఓ కొమ్మ తెగిన మొద్దు దగ్గర చూడమంటే, లోపల సొరంగం ఉంది, 22వ డిస్క్ పెట్టమని అడుగుతుందని ఎక్కడో చదివాను. నాకు అలాంటిదేం రాలేదు. నా కాపీ తేడానా?

పాతసీడీ_పెట్టె
తేడా కాదు, ఆ జోక్ తీసేశారు. ఫ్లాపీల కాలంలో ఆ మొద్దు చూస్తే 22వ డిస్క్ పెట్టు, 36వది పెట్టు, 114వది పెట్టు అని వరుసగా అడిగేది. ఆ తర్వాత ఆ భాగం వదిలేసుకోక తప్పదని గైబ్రష్ అంటాడు. జనం అది నిజమనుకుని మా డబ్బాలో ఆ డిస్కులు రాలేదని కంపెనీకి ఫోన్లు కొట్టారు. దాంతో సీడీ వెర్షన్‌లో ఎత్తేశారు.

ఫ్లాపీల సంగతొచ్చింది కాబట్టి, అప్పట్లో డబ్బాతో డయల్-ఎ-పైరేట్ అని గుండ్రటి అట్టచక్రం ఇచ్చేవారు. చక్రం తిప్పి పై సగం ముఖాన్ని కింది సగానికి సరిపెడితే, తెర మీదున్న పైరేట్‌ని ఫలానా ఊళ్లో ఏ సంవత్సరం ఉరితీశారో కనపడుతుంది. ఆ అంకె కొడితేనే గేమ్ మొదలు. దొంగ కాపీలు ఆపడానికట. పైరేట్ల గేమ్‌కి పైరసీ తాళం.

ఓరుగల్లు_పోరడు
మాకు కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన సీడీల చక్రం లేదు, అట్ట లేదు, తాళం సుత లేదు. ఎవడో పుణ్యాత్ముడు పీకిపారేసిండు.

గోదారి_గట్టు
ఇప్పుడు కత్తియుద్ధం. కత్తి కొన్నా, ట్రైనింగ్ అయింది, రోడ్డు మీద పైరేట్ ఎదురొచ్చాడు. వాడు తిట్టాడు. నాకు చూపించిన జవాబులు రెండూ చప్పగా ఉన్నాయి. ఓడిపోయా. ఇంకోడు, మళ్లీ ఓటమి. ఏ బటన్ కొట్టాలి?

కాకినాడ_కాజా
బటన్ లేదండి, తిట్టే కత్తి. ఈ గేమ్ ఎందుకు బతికుందో ఇప్పుడు తెలుస్తుంది మీకు.

వాడు తిడితే సరైన జవాబు చెప్పాలి, అది మీకు తెలియదు. ఓడిపోండి. కానీ ఆ తిట్టు మీ లిస్టులో చేరింది కదా, దాన్ని తీసుకెళ్లి ఇంకో పైరేట్ మీద ప్రయోగించండి. వాడికి జవాబు తెలిస్తే చెప్తాడు, మీరు మళ్లీ ఓడిపోతారు, కానీ జవాబు కూడా మీదైపోతుంది. ఇలా ఓడుతూ ఓడుతూ తిట్లూ జవాబులూ పోగేసుకోవాలి. నా కంటికి ఇది అచ్చం అవధానంలో అప్రస్తుత ప్రసంగమేనండి. అవతలివాడు ఏ కొంటె ప్రశ్న విసిరినా వాడి మాటతోనే వాడిని కొట్టాలి, సభ నవ్వాలి. కొన్ని తిట్లు ఆర్సన్ స్కాట్ కార్డ్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత రాసిచ్చాడు.

సీమచింతకాయ
తర్వాత స్వోర్డ్ మాస్టర్ దగ్గరికి పోయాక ఇంకో మెలిక ఉంది, అది చెప్పకండి ప్లీజ్. నాకు ఆ క్షణంలో కలిగిన ఆనందం ఈ అబ్బాయికీ కలగాలి.

నిద్రమత్తు
ఆవిడ తిట్లు వేరే, జవాబులు మాత్రం పాతవే సరిపోతాయి.

సీమచింతకాయ
నిద్రపోవయ్యా నువ్వు.

ఒంగోలు_గిత్త
ఆ తిట్లలో మొదట నేర్చుకునేది నువ్వు పాడిరైతులా పోరాడుతున్నావు అన్నట్టుంటుంది కదా? మా ఇంట్లో గేదెలున్నాయి, మా నాన్న రోజూ పొద్దున్నే పాలు కేంద్రానికి పోస్తాడు. ఆ పైరేట్ అలా అన్నప్పుడు నాకు కోపం రాలేదు సరికదా, "అవును, అయితే ఏంటి" అనే ఆప్షన్ లేదే అనిపించింది. "నువ్వు ఆవులా పోరాడుతున్నావు మరి" అనే అసలు జవాబు విన్నాక మాత్రం ఇంట్లో అందరికీ చెప్పాను. మా నాన్న కూడా నవ్వాడు, ఆవు కాదురా గేదె అని సరిదిద్దాడు.

గోదారి_గట్టు
హహహ. సరే, ఒప్పుకుంటున్నా, నవ్వొస్తోంది. ఇప్పుడు ఓడిపోవడానికే పైరేట్లని వెతుక్కుంటూ తిరుగుతున్నా.

సర్కస్ గుడారంలో అన్నదమ్ములిద్దరూ ఫిరంగిలోంచి పేలుస్తామన్నారు, హెల్మెట్ ఉందా అని అడిగారు. కుండ చూపించా! 478 నాణేలిచ్చారు. ఆ డబ్బుతోనే కత్తి, పార, మ్యాప్ కొన్నది. మ్యాప్ అని అమ్మినవాడు మోసం చేశాడు, అందులో ఉన్నది డాన్స్ స్టెప్పులు.

ఓరుగల్లు_పోరడు
మోసం గాదు తమ్మీ. స్టెప్పులు పట్టుకొని అడవిలకు పో.

గోదారి_గట్టు
ఓహో!!!

డాలస్_డాబా
గవర్నర్ భవనం ముందు కుక్కలకి మాంసం పెట్టాక తెర మీద వచ్చే గమనిక చదవడం మరవకు. కుక్కలు చావలేదు, నిద్రపోతున్నాయంతే అని పెద్దక్షరాల్లో భరోసా ఇస్తుంది.

కడప_కారం
పజిల్స్ దగా అన్న మాట మీదే నేనుండా. కానీ ఒక్కటి మాత్రం ఎవరూ ఇంత బాగా చెయ్యలేదని ఒప్పుకుంటా. జైలు తాళం. బార్‌లో పోసే గ్రాగ్ ఎంత ఘాటంటే కప్పే కరిగిపోతాది. దాంతో జైలు తాళం కరిగించాల. కానీ బార్ నుంచి జైలు దాకా నడిచేలోగా కప్పు అయిపోతాది. టేబుళ్ల మీదుండే కప్పులన్నీ ఏరుకుని, ఒకదాంట్లో గ్రాగ్ పట్టుకుని పరిగెత్తడం, అది కారిపోయే ముందే ఇంకోదాంట్లోకి ఒంపడం, మళ్లీ పరుగు. తెర కింద ఇన్వెంటరీలో కప్పు బొమ్మ మెల్లగా వంగిపోతాంటే చూడల్ల. బుర్రకి పనుంది, చేతికి పనుంది, నవ్వూ ఉంది. మిగతావి కూడా అట్ల చేసింటే నేనెందుకు తిడతాను?

పాతసీడీ_పెట్టె
కడప బాబాయి నోట మెచ్చుకోలు! స్క్రీన్‌షాట్ తీసి దాచుకోవాలి.

తెలుగుమీడియం
నా ల్యాప్‌టాప్ పాతది, డబ్బులు పెట్టే ముందు ఇలాంటిది ఉచితంగా ఏదైనా ఆడి చూడొచ్చా? దొంగ కాపీ వద్దు.

పాతసీడీ_పెట్టె
స్కమ్‌వీఎం వేసుకో. ఫోన్‌లో కూడా నడుస్తుంది. వాళ్ల సైట్‌లోనే హక్కుదారులు ఉచితంగా ఇచ్చిన గేమ్‌లున్నాయి. బినీత్ ఎ స్టీల్ స్కై 1994ది, కథ కాస్త గంభీరం, మధ్యమధ్య వెటకారం. ఫ్లైట్ ఆఫ్ ది అమెజాన్ క్వీన్ పూర్తిగా కామెడీ. చావు విషయంలో మాత్రం జాగ్రత్త, స్టీల్ స్కైలో హీరో చస్తాడు, సేవ్ చేసుకుంటూ ఉండు.

గోదారి_గట్టు
మూడు పరీక్షలూ అయ్యాయి, ఓడ కొన్నా. ఆ ఓడలు అమ్మే స్టాన్ చేతులు తిప్పడం ఆపడా? వాడు ఎటు కదిలినా కోటు మీద గళ్లు మాత్రం కదలవు, చూశారా ఎవరైనా? నిధి తవ్వితే వచ్చింది చూసి అరగంట నవ్వా, చెప్పను, తెలుగుమీడియం ఇంకా ఆడాలి.

ఇప్పుడు మంకీ ఐలండ్ చేరాను. కొండ అంచున నిలబడితే రాయి విరిగి కింద పడ్డాడు. తెర మీద గేమ్ మొదటినుంచి ఆడుకోమని డబ్బా వచ్చింది! గుండె జారిపోయింది, సేవ్ చేసి ఎంతసేపయిందో కూడా తెలియదు. అంతలో కిందనుంచి ఎగిరి మళ్లీ పైకొచ్చి నిలబడ్డాడు, కింద రబ్బరు చెట్టుందట.

పాతసీడీ_పెట్టె
అది సియెర్రా వాళ్లకి పెట్టిన చురక. అప్పటి జనం అక్కడ కుర్చీలోంచి లేచారు.

గోదారి_గట్టు
నరమాంస భక్షకుల ఊళ్లో అరటిపళ్లు తీస్తే పట్టుకుని గుడిసెలో వేశారు. తప్పించుకున్నా. మళ్లీ పట్టుకున్నారు. ఈసారి తలుపు ఇంకా గట్టిది పెట్టారు.

ఓరుగల్లు_పోరడు
ఇంకా రెండుమూడు సార్లు దొరుకు. తలుపు సూడనీకె దొరకాలె. నేనైతే పనిగట్టుకొని పోయిన.

గోదారి_గట్టు
పోతా పోతా. ఈలోగా ఒక్క మాట: అడవిలో ఒక కోతి ఉంది, అరటిపండు ఇస్తే తిని ఊరుకుంటోంది. ఒకటి ఇస్తే చాలదా?

సీమచింతకాయ
ఉన్నవన్నీ ఇచ్చెయ్.

నిద్రమత్తు
ఇచ్చాక వెనక్కి తిరిగి చూడకుండా ఆ పెద్ద కోతి తల విగ్రహం దగ్గరికి నడు, అదే వెంటొస్తుంది.

సీమచింతకాయ
నువ్వింకా నిద్రపోలేదా!!